మిత్రుని పేర సైకిలు యాత్ర



గతించినవారి పేరు నిలుపుటకు మన గ్రామములలో బహుకాలముగా ననేక మార్గములు గలవు. తండ్రి పేర సత్రము, తల్లి పేర చలివేంద్రము, బిడ్డ పేర బడికి గది, తాతగారి పేర రేవునకు మెట్లు. దారిప్రక్కనున్న సిమెంటుబల్లమీద చెక్కిన పేరు చదువుకొనుచు బస్సుకొఱకు కాచుకొనియుండని పల్లెవాడు మన కృష్ణాతీరమున నుండడు. అయితే వీని నన్నిటిని కొంచెము పరికించి చూడుడు. కట్టించినవారు కొడుకులు, మనుమలు, తోబుట్టువులు. స్నేహితుడు స్నేహితుని పేర కట్టించినది వెదకి చూడవలసినదే. శాస్త్రము మాత్రము మిత్రుని మఱవలేదు. మహాలయపక్షమున తర్పణములు విడుచునప్పుడు, పితృదేవతల వరుస ముగిసిన పిదప, గురువుతోపాటు సఖునికిని తిలోదకము విడుచు నాచారము గలదు. ఆ ఒక్క దోసెడు నీటితో స్నేహితుని ఋణము తీఱినట్లే లోకము భావించుచు వచ్చినది.

ఆ దోసెడు నీటితో తృప్తిపడజాలనివారు కొందఱు, గడచిన నలుబదియైదేండ్లుగా, వేఱొక మార్గమును త్రొక్కుచున్నారు. త్రొక్కుచున్నారనుట యిచట మాటవరుసకు గాదు. మిత్రుడో ఆప్తుడో మరణించినచో, అతనిని ప్రేమించిన పదిమంది కూడి, సైకిళ్లెక్కి, దినములకొలది ప్రయాణము చేయుదురు. బయలుదేరుటకు ముందు తమ్మెఱిగినవారి కడకు పోయి, మేమింత దూరము పోబోవుచున్నాము, మా మిత్రుని పేర మీకు తోచినది యీయుడని యడుగుదురు. కొందఱు మొత్తముగా నిత్తురు. కొందఱు మైలునకింత యని లెక్కగట్టి, యాత్ర పూర్తియైన పిదప నిత్తురు. అట్లు ప్రోగైన ధనము ఆసుపత్రికో, బడికో, ఏ వ్యాధిచే ఆ మిత్రుడు పోయెనో ఆ వ్యాధిని గుఱించిన పరిశోధనకో చెందును. ఇందు గెలుపోటములు లేవు. ముందు చేరినవానికి బహుమానము లేదు.

మన చల్లపల్లి ప్రాంతపు పిల్లలును నేడో రేపో యిట్టి కోరికతో మన యరుగులమీదికి రాకపోరు. తాతగారూ, మా వానిపేర సైకిళ్లమీద వెళ్లివచ్చెదము, మీరు ముందుండి నడిపింపుడని యడిగిననాడు మన మేమనవలెను? రచ్చబండకడ నేమందురో నే నూహింపగలను. దానము చేయదలచినచో ఆ తిండిఖర్చు, దారిఖర్చు నేరుగా నీయరాదా యని యొకరు. ఇది సరదా తిరుగుడు గాని సంతాపము కాదని యింకొకరు. లారీలు, బస్సులు పరుగులిడు దారిలో పిల్లలను పంపి, ఒకని పేర బయలుదేరి యింకొకనిని పోగొట్టుకొందుమా యని మూడవవారు. మూడును తీసివేయదగిన మాటలు కావు. మూడవదానికి సమాధానము అన్నిటికంటె కష్టము. అందుచే, ఇట్టి యాత్రలు జరిగినచోట నేమి జరిగినదో ముందు మనవిచేసెదను.

కెనడా దేశమున రిక్ హాన్సెన్ అను బాలుడు 1973లో, తన పదునైదవయేట, చేపల వేటకు పోయి తిరిగివచ్చుచు నెక్కిన బండి బోల్తాపడి నడుము విఱిగి, రెండు కాళ్లును చచ్చుపడినవాడయ్యెను. చక్రముల కుర్చీలో కూర్చుండి బంతియాట లాడుట నేర్చెను. నాలుగేండ్ల పిదప, అదే ప్రాంతమున టెర్రీ ఫాక్స్ అను మఱియొక యువకునికి ఎముకలో క్యాన్సరు పుట్టి, కుడికాలు మోకాలిపైకి తీసివేసిరి. ఆ సంగతి విని హాన్సెన్ అతనిని తమ యాటకు పిలిచెను. స్నేహ మట్లు మొదలయ్యెను.

ఫాక్స్ 1980వ సంవత్సరము ఏప్రిలు 12వ తేదీన, కెనడా తూర్పుకొసనున్న సెయింట్ జాన్స్ పట్టణమునుండి, ఒక మంచికాలితోను ఒక కట్టుకాలితోను పరుగిడ నారంభించెను. దేశమును తూర్పునుండి పడమటికి దాటి, క్యాన్సరు పరిశోధనకు ధనము కూర్చవలెనని యతని సంకల్పము. దినమునకు సుమారు 42 కిలోమీటర్లు. వెంట బండి నడపుచు వంట చేసిపెట్టినవాడు డగ్ ఆల్వర్డ్ అను చిన్ననాటి స్నేహితుడు. ఈ మిత్రు లిరువురును ఆ బండిలో మొదటి వారములలో నెంతగా తగవులాడుకొనిరనగా, వారిని కలిపియుంచుటకు ఫాక్సు తమ్ముడు వచ్చి చేరవలసివచ్చెను. పుణ్యకార్యమునకు బయలుదేరినవారైనను, ఎండలో, అలసటలో, ఒకే బండిలో ముఖాముఖి నుండిన మనుష్యులు మనుష్యులే గదా! 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగిడిన పిదప, వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకినందున, సెప్టెంబరు 1వ తేదీన అతడు నిలిచిపోవలసివచ్చెను. 1981 ఫిబ్రవరి నాటికి వసూలైన ధనము 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటెను. అనగా ఆ దేశమున తల కొక డాలరు. కోరినది సరిగా అంతయే. ఆ జూను 28వ తేదీన, ఇరువదిమూడేండ్లు నిండుటకు నెలదినము లుండగా, అతడు మరణించెను.

హాన్సెన్ ఏమి చేయవలెను? పరుగిడుటకు కాళ్లు లేవు. చేతులతో చక్రములను త్రిప్పుకొనుచు, భూగోళముచుట్టు నెంత దూరమున్నదో అంతదూరము పోదునని నిశ్చయించుకొనెను. 1985 మార్చి 21వ తేదీన వాంకూవరు నగరమున బయలుదేరి, 26 నెలలపాటు, 34 దేశములగుండ, 40,000 కిలోమీటర్లకు పైగా పోయి, 1987 మే 22వ తేదీన మఱల వాంకూవరు చేరెను. ఆ యాత్రచే 2 కోట్ల 60 లక్షల డాలర్లు సమకూడెను. వెన్నెముక దెబ్బతిన్నవారి చికిత్సకును, వికలాంగుల సౌకర్యములకును ఆ ధనము వినియోగమయ్యెను.

ఇందు మనము గమనింపవలసిన దొకటి గలదు. విదేశములలో తిరిగిన కాలమంతయు అతనికి వచ్చిన ధనము స్వల్పము. ఎచట నెవరును ఎఱుగరో అచట జోలె నిండలేదు. స్వదేశమున మఱల నడుగిడిన పిదపనే వర్షమువలె కురిసెను. దూరదేశపు కీర్తి వచ్చుటచే స్వదేశీయులు కనులు తెఱచిరని కొందఱందురు. నా కట్లు తోపదు. తాను చూచుచుండగా నొకడు కష్టపడుచున్నప్పుడు, అతనిని పెంచిన ఊరికి చేయి జేబులోనికి తానుగా పోవును. కష్టము కంటబడవలెను; కష్టపడువాడు మనవాడై యుండవలెను. దానము నేరుగా నీయరాదా యను ప్రశ్నకు సగము సమాధాన మిచటనే యున్నది. పదిమంది యువకులు తమ దారిఖర్చు నేరుగా నిచ్చిన, అది పదిమంది దారిఖర్చే యగును. వారు బయలుదేరినచో నూఱిండ్ల తలుపులు తెఱచుకొనును.

తక్కిన సగము సమాధానము ధనమునకు సంబంధించినది కాదు. ఇంగ్లండు దేశమున జో కాక్స్ అను పార్లమెంటు సభ్యురాలు 2016 జూను 16వ తేదీన, తన నియోజకవర్గపు ప్రజలను కలిసికొనుటకు వచ్చి, పట్టపగలు వీథిలో హత్యచేయబడెను. ఆమెకు నలుబదియొక్క యేండ్లు; ఇద్దఱు పసిబిడ్డలు. అదే యేడు, యార్క్‌షైరు ప్రాంతపువారు కొందఱు ఆమె పేర తమ యూరినుండి లండనునకు సైకిళ్లమీద బయలుదేరిరి. సుమారు 280 మైళ్లు, అయిదు దినములు. ఆ యాత్ర ఆ యేటితో ఆగక తరువాతి యేండ్లలోను సాగెను. మతములు, రంగులు, వృత్తులు వేఱైన వారందఱు నొకేవరుసలో పోవుటయే ఆ యాత్రకు ముఖ్యమయ్యెను. ఏలయన ఆమె చంపబడినది అట్టి కలయికను కోరినందుకే. ధన మెంత వచ్చిన దను ప్రశ్న అచట వెనుకబడినది. మన చావిళ్లలో పదియవనాటి భోజనమయిన పిదప ఎవరిదారిని వారు పోవుదుము. అయిదు దినములు ప్రక్కప్రక్కనే పోవువారు, చనిపోయినవారిని గుఱించి మాటలాడక యుండజాలరు. ఎండ యెక్కిన తరువాత ఒకడు, వాడుంటే యీపాటికి సోడా కొట్టు వెదకేవాడురా యనును, ఇంకొకడు నవ్వును, నవ్విన తరువాత కొంతదూరము ఎవరును మాటలాడరు. సంతాపమునకు ఇదియు నొక రూపమే. కనుక దీనిని సరదా తిరుగుడని త్రోసివేయుట న్యాయము కాదు.

అయినను, అది సరదా తిరుగుడుగా మాఱుటకు నిమిషము పట్టదు. ముందు నొక వ్యాను, దానిమీద మైకు, మైకులో సినిమాపాట, కూడలి కూడలికి ఫ్లెక్సీ, ఆ ఫ్లెక్సీలో చనిపోయినవాని బొమ్మ గోరంత, అభివాదము చేయుచున్న నాయకుని బొమ్మ గుమ్మడికాయంత! ఇట్టిది వచ్చినచో పెద్దలు నిర్మొగమాటముగా వద్దనవలెను. కష్టము లేని యాత్రకు ధన మడుగు హక్కు లేదు.

ధనము మాట వచ్చినది గనుక, అమెరికాలోని రెండు యాత్రల చరిత్ర చెప్పవలెను. బిల్లీ స్టార్ అను నతని తల్లి 1974లో క్యాన్సరుచే మరణించినది. ఆ కుటుంబమున మఱి యిరువురును అదే వ్యాధికి బలియైరి. 1980లో అతడు 36 మందిని కూర్చి, మసాచూసెట్సు రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమునుండి సముద్రపుటొడ్డుననున్న ప్రావిన్స్‌టౌను వఱకు సైకిళ్లమీద తీసికొనిపోయెను. ఆ యేడు వసూలైనది 10,200 డాలర్లు. ఏటేట అది పెరిగి పెరిగి, 2024 నాటికి మొత్తము నూఱు కోట్ల డాలర్లు దాటెను. 2007 నుండి, యాత్రికులు దాతలకడ తెచ్చిన సొమ్ములో ప్రతి కాసును క్యాన్సరు ఆసుపత్రికే చేర్చిరి. నిర్వహణపు ఖర్చు వేఱుగా, ప్రవేశ రుసుములచేతను పోషకుల విరాళములచేతను జరుపుకొనిరి.

రెండవది 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి లాస్‌ఏంజిలీసునకు ఎయిడ్సు రోగుల సహాయార్థము మొదలైన యాత్ర. మరణించిన స్నేహితుల పేర్లు తలచుకొనుచు వేలమంది త్రొక్కిరి. దానిని నడిపిన డాన్ పలోటా అను నతని సంస్థ కోట్లకొలది డాలర్లు కూర్చి, రోగులకు నిజముగా మేలుచేసినది. కాని గుడారములకు, ప్రకటనలకు, ఉద్యోగులకు నగు వ్యయము హెచ్చినదని, దాత యిచ్చిన దానిలో రోగికి చేరున దెంతయని పత్రికలలో రచ్చ పుట్టెను. పెద్ద యెత్తున కూర్చవలెనన్న పెద్ద యెత్తున ఖర్చుపెట్టవలెనని అతని వాదము. అది బొత్తిగా తప్పని నే ననను. అయినను 2002లో ఆ సంస్థ మూతపడినది. మంచిపని చేసినవారు గూడ లెక్కలకడ నిలువలేకపోయిన యీ సంగతి మన గ్రామములకు దగ్గఱగా తగులును. గుడి చందాలు, తిరునాళ్ల చందాలు, గణపతి నవరాత్రుల చందాలు మనకు క్రొత్తవి కావు. ఆ చందాల వెనుక పుట్టు గుసగుసలును క్రొత్తవి కావు.

చనిపోయినవారి పేర లోకమునుండి ధనము కూర్చుట మనకు పరాయి విద్య యని యెవరైన తలచినచో, బెజవాడను జ్ఞప్తి చేయవలెను. 1920 ఆగస్టు 1వ తేదీన లోకమాన్య బాలగంగాధర తిలకుగారు స్వర్గస్థులైరి. మఱుసటియేడు మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చవలెననియు, కోటిమంది సభ్యులను చేర్పవలెననియు, ఇరువది లక్షల రాట్నములు ఆడించవలెననియు, అది యంతయు జూను 30వ తేదీలోగా కావలెననియు తీర్మానించెను. మూడు నెలలలో కోటి రూపాయలు! ఆనాటి కోటి! గాంధీమహాత్ముడు ఊరూర జోలె పట్టెను. స్త్రీలు చేతిగాజులు తీసి యిచ్చిరి. గడువునాటికి ఆ కోటి పూర్తియైనది. ఆ జోలెయు ప్రయాణము చేసినదే. ఆ ధనమును గతించిన యొక తోడివాని పేర వచ్చినదే. సైకిలొక్కటియే క్రొత్త.

సైకిలును మనకు మఱీ క్రొత్త కాదు. 1923 అక్టోబరు 15వ తేదీన బొంబాయినుండి ఆర్గురు పారసీ యువకులు సైకిళ్లమీద భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. అందు మువ్వురు, ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అనువారు, 1928 మార్చి 18వ తేదీన క్షేమముగా తిరిగివచ్చిరి. మన డెల్టాలో సైకిలెక్కని కులవృత్తి యేది? టపాబంట్రోతు, పాలవాడు, బడిపంతులు, వెనుక నొక ధాన్యపుబస్తా, ముందు నొక బిడ్డ నెక్కించుకొని కాలువగట్టున పోవు రైతు. గంట కింత యని అద్దెసైకిలు తీసికొని, మోకాళ్లు గీచుకొని, కడ్డీక్రిందినుండి కాలు దూర్చి త్రొక్కిన రోజులు మనలో చాలమందికి గుర్తే. నేటి పిల్లలకు మోటారుసైకిళ్లు వచ్చినవి. మోటారుమీద పోయి ధన మడిగిన నెవ్వరియ్యవలెను? చమటే యిక్కడ చందాపుస్తకము.

మన తెలుగుదేశమున ఇట్టి ప్రయత్నమునకు చెప్పదగిన పేరు హైదరాబాదువాస్తవ్యుడు ఆదిత్య మెహతా. మోటారుసైకిలుపై పోవుచుండగా బస్సు తగిలి అతని కుడికాలు పోయినది. ఒక్క కాలితో సైకిలు త్రొక్కుట నేర్చి, 2013లో ఆసియా పోటీలలో రెండు వెండి పతకములు తెచ్చెను. పిమ్మట తనవంటివారికి కృత్రిమావయవములు, సైకిళ్లు, శిక్షణ సమకూర్చుటకొక సంస్థ స్థాపించి, ధనసంగ్రహార్థము దీర్ఘయాత్రలు నడిపెను. 2020 చివర అట్టి వికలాంగ యాత్రికుల దండు కాశ్మీరమునుండి కన్యాకుమారి వఱకు పోయినది. అవయవము కోల్పోయినవారు దేశమును నిలువునా దాటగలిగిరి. రెండు కాళ్లున్న మన పిల్లలు కృష్ణ కిరువైపుల తిరిగిరాలేరని యెట్లందుము?

ఇక మన ప్రాంతమున అట్టి యాత్ర యెట్లుండవలెనో నాకు తోచిన విధము చెప్పెదను. మొట్టమొదట చనిపోయినవాని తల్లిదండ్రులను అడుగవలెను. ఇది మర్యాద మాత్రమే కాదు. కొందఱు తల్లులకు బిడ్డ పేరు ఊరూర వినబడుట ఊరట. కొందఱికి పుండుమీద కారము. ఆమె వలదన్నచో వలదు, మాఱుమాట యుండరాదు. సరేనన్నచో, ఆమెను వేదికపై నిలిపి మాటలాడింపరాదు. బయలుదేరు వేళకు ఆమె గుమ్మములోనుండి చూడదలచిన చూచును. స్నేహితులలో నొకడు ముందుగా నింటికి పోయి, పిన్నిగారూ, రేపు వేకువను మీ వీథినుండి పోదుము, మీకు కష్టమైన వేఱు వీథిని పోదుమని చెప్పిరావలెను.

రెండవది, ప్రయోజనము. అది చనిపోయినవాని జీవితమునుండి పుట్టవలెను గాని, పంచాయతీకి కావలసిన పనుల జాబితానుండి కాదు. మన కాలువలలో పడి పోయిన బిడ్డ లెందఱు! పోయినవాడు అట్లు పోయినచో, పిల్లలకు ఈత నేర్పుటకును, రేవులకడ గొలుసులు కట్టుటకును ఆ ధనము చెల్లవలెను. వరిచేలో పాము కఱచి, మందు దొఱకులోపల ప్రాణము పోయినచో, విషమునకు విఱుగుడుమందు ప్రాథమిక వైద్యశాలలో నిలువయుండునట్లు చూచుటకును, రాత్రివేళ రోగిని చేరవేయు వాహనమునకును చెల్లవలెను. మూత్రపిండముల వ్యాధియైనచో, ఎ.కొండూరు తండాలలో ఆ వ్యాధిచే బాధపడుచు, రక్తశుద్ధికై వారమునకు రెండుమూడు మాఱులు దూరము పోవలసినవారి ప్రయాణపు ఖర్చునకు చెల్లవలెను. ఇట్లైనచో దాతకు ఒక్క మాటలో చెప్పవచ్చును: మావా డిందువలన పోయినాడు, ఇంకొక డట్లు పోకుండుటకై.

మార్గమా? దూరమునకై కాశ్మీరము పోనక్కఱలేదు. చల్లపల్లినుండి మోపిదేవి, అచట సుబ్రహ్మణ్యేశ్వరునకు మ్రొక్కి పులిగడ్డ, పులిగడ్డకడ వంతెన దాటి పెనుమూడి, రేపల్లె. పూర్వ మా దాటు పడవలమీద. రేపల్లెనుండి తెనాలి, తెనాలినుండి సీతానగరముమీదుగా ప్రకాశం బారేజి. 1855 నాటి ఆనకట్టకు బదులుగా 1957లో ముగిసిన యా బారేజిమీద కృష్ణను రెండవమాఱు దాటి విజయవాడ. అచటినుండి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, మఱల చల్లపల్లి. ఇది 150 కిలోమీటర్లకు పైచిలుకు. మూడు దినములకు చాలును. కుడిగట్టు నెడమగట్టు కలుపుకొని నదికి ప్రదక్షిణ మగును. చనిపోయినవాడు దివిసీమ వాడైనచో, అవనిగడ్డ, కోడూరుమీదుగా హంసలదీవి సాగరసంగమమునకు పోవుట యింకను తగును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో ఇంచుమించు పదివేలమంది పోయిన నేల అది. ఆ గ్రామములలో జోలె పట్టువాడు చావును గుఱించి వివరింప నక్కఱలేదు. గడపలో నిలిచి పేరు చెప్పిన చాలును.

కాలము సంక్రాంతి వెళ్లిన పిదప, శివరాత్రిలోపల. కార్తికమున వాయుగుండముల భయము, వైశాఖమున ఎండ. వర్ధంతి వేఱొక నెలలో వచ్చినచో ఆనాడు ఊరిలోనే దీపము పెట్టి, యాత్ర మాఘమునకు మార్చుకొనిన తప్పు లేదు.

ఇక మూడవ ఆక్షేపణ, ప్రాణభయము. దీనికి మాటలు చాలవు, కట్టుబాట్లు కావలెను. వేకువ వెలుగు రాగానే బయలుదేరి, పదిగంటల లోపల ఆనాటి దూరములో ముప్పాతిక ముగింపవలెను. చీకటిపడిన తరువాత చక్రము కదలరాదు. ఎడమప్రక్కగా ఒకరి వెనుక నొకరు. జంటలుగా కబుర్లు చెప్పుకొనుచు పోరాదు. తలకు శిరస్త్రాణము, ఒంటికి దూరమునకు కనబడు వన్నె చొక్కా, వెనుక ఎఱ్ఱదీపము. దండు చివర నొక బండి; అందు మందులపెట్టె, నీరు, గాలిపంపు, ట్యూబులు, పంక్చరు సామాను. దండు వేగము అందఱికంటె మెల్లగా పోవువాని వేగమే. ఒకడు వెనుకబడినచో అందఱును నిలువవలెను. నెలదినముల ముందే ఆదివారములు ముప్పదేసి కిలోమీటర్లు త్రొక్కి కాళ్లు కుదుర్చుకొనని వానిని, ఎంతటి ప్రాణస్నేహితుడైనను, ఇంటికడ నుంచవలెను. చందా పుస్తకము పట్టుకొని ఇల్లిల్లు తిరుగు పని అతనికీయవచ్చును. అది త్రొక్కుటకంటె తేలిక కాదు. కాలువప్రక్కన పిట్టగోడ లేని మలుపులు మన దారులలో నెచ్చట నున్నవో ముందుగా చూచి వ్రాసికొని, అచట దిగి నడచిపోవలెను. ఈ కట్టుబాట్లకు ఒప్పుకొననివారి యాత్రకు నేను సమ్మతింపను, మీరును సమ్మతింపకుడు. పోలీసు ఠాణాలలో ముందుగా తెలుపుట మఱవరాదు.

ఉదయము లేచుట మా పిల్లలకు చేతకాదని చల్లపల్లివారు మాత్రము చెప్పజాలరు. 2014 నవంబరు 12వ తేదీన డాక్టరు డి.ఆర్.కె. ప్రసాదుగారును వారి భార్య డాక్టరు పద్మావతిగారును మఱికొందఱును చీపుళ్లు, పారలు పట్టుకొని వీథులు శుభ్రపఱచుటకు మొదలిడినప్పుడు, నాలుగు దినముల ముచ్చట యని నవ్వినవారు లేకపోలేదు. ఆ పని తెల్లవారుజామున, దినదినము, ఏండ్ల తరబడి సాగినది. చెత్తకుప్పలున్నచోట చెట్లు లేచినవి. ఒక్క మూడు దినముల సైకిలు యాత్రకు కావలసిన పట్టుదల అందులో నూఱవవంతు.

లెక్కల సంగతి మీది. ధనము యువకుల చేతిలో నుంచుట వారికే మంచిది కాదు. గ్రామమున మాట పడని మువ్వురు పెద్దలు, అందొకరు స్త్రీ యైన మఱియు మేలు, రసీదుపుస్తకములును బ్యాంకు ఖాతాను తమ యధీనమున నుంచుకొనవలెను. భోజనము, బండి, మరమ్మతుల ఖర్చు యాత్రికులే తమలో తాము వేసికొనవలెను; విరాళమునుండి టీనీళ్లకైనను తీయరాదు. యాత్ర ముగిసిన నెలలోపల, ఎవ రెంత యిచ్చిరో, ఎవరి కెంత చేరినదో, గ్రంథాలయపు గోడకు పెద్ద యక్షరములతో వ్రాసి యంటింపవలెను. పదిరూపాయలిచ్చిన కూలివాని పేరు, పదివేలిచ్చిన షావుకారు పేరు నొకే కొలత యక్షరములతో నుండవలెను.

రాత్రి విడిదుల విషయ మొక్కటి మిగిలినది. మొదటిరాత్రి తెనాలి చుట్టుపట్లను, రెండవరాత్రి ఉయ్యూరు చుట్టుపట్లను పడును. హోటలు గదులు వలదు. బడి వరండా, సత్రము, రైతు కళ్లము చాలును. ఆ గ్రామముల పెద్దలు ముందుగా కబురందుకొని, పదునైదుమందికి స్నానమునకు నీళ్లు, పప్పు, పచ్చడి, మజ్జిగతో భోజనము, పండుకొనుటకు చాపలు ఏర్పాటు చేయగలిగిన చాలును. భోజనములైన పిదప ఆ యూరివారితో కూర్చుండి, తాము ఎవని పేర వచ్చితిమో ఆ కుఱ్ఱవానిని గుఱించి స్నేహితులు చెప్పుదురు. మఱునాటి వేకువ నాలుగు గంటలకు వారిని లేపవలెను. టైర్లలో గాలి చూచుకొనుటకు అరగంట పట్టును.